పొగగదిలో దొర టోపీ

ఆ ఆదివారం బంగళాలో ఉన్నవాళ్ళు: ప్రాసర్ దొర, ఇపో పట్నం క్లబ్బు నుంచి కారులో వచ్చిన ఇద్దరు దొరలు, చీనా వంటవాడు, ఆయా పని చేసే మా మేనత్త దాలమ్మ, నేను. నేను తలుపు చాటునే ఉంటాను. ఎవరైనా పేరడిగినా నాకు గొంతు పెగలదు.

ప్రాసర్ దొరను ఇంగ్లీషువాడంటే కోపం. ఆయనది వేల్సు దేశమట. అక్కడ రగ్బీ అని ఒక ఆట ఉంది. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు పడదోసుకుంటారు. దేశం తరఫున ఆడినవాడికి ఎర్ర మఖమలు టోపీ ఇస్తారు. మా దొర ఆడింది ఒక్క ఆటే. ఆ రోజే ఎడమ మోకాలు విరిగింది. మళ్ళీ పిలవలేదు. తర్వాత ఓడెక్కి వచ్చి మా రబ్బరు తోటకు దొరయ్యాడు.

ఎడమకాలు ఇప్పటికీ ఈడుస్తాడు. కుడికాలు బాగానే లేస్తుంది. పోయిన నెల మా అయ్య అప్పడు పాలకోసం చెట్టు గీస్తుంటే కత్తి లోతుగా దిగి గాయమైందని, తెల్లారి హాజరు పిలిచే చోట అందరి ముందూ ఆ కాలితోనే తన్నాడు. అయ్య బురదలో పడ్డాడు. "బంతయితే కంచె దాటేది" అని గుమస్తా నవ్వాడు.

అమ్మ పోయాక నేను బంగళా వెనక అత్త గదిలో ఉంటున్నాను. ఈ పని పోతే అత్త మళ్ళీ కూలీలుండే వరస గదుల లైన్లకు వెళ్ళి చెట్లు గీయాలి. "సచ్చినా ఆ లైన్లకి పోనే" అంటుంది.

ఇపో జట్టుకు ఆట నేర్పమని అడగడానికి ఆ ఇద్దరూ వస్తున్నారు. టోపీ శుభ్రం చేసి బల్లమీద పెట్టమని దొర ముందురోజే చెప్పాడు. పెట్టె తెరిస్తే టోపీ నిండా తెల్లగా బూజు. తొమ్మిది రోజులుగా ఒకటే వాన.

"ఆ బూజు వొదిలించి ఆరబెట్టే గుంటా. తడిగుడ్డ తగలనీకు" అని అత్త నా చేతిలో పెట్టింది.

ఎండ లేదు. రబ్బరు షీట్లకు బూజు పట్టకుండా ఏం చేస్తారో తోటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. టోపీని షీట్లు ఆరబెట్టే పొగగదికి తీసుకెళ్ళాను.

"ఏటే, దొర బుర్రకి పొగెడతన్నావేటి?" అని పొయ్యి చూసుకునే బంగారయ్య తాత పకపకా నవ్వాడు. నవ్వుతూనే షీట్ల మధ్య వెదురుకు తగిలించాడు.

మర్నాడు మధ్యాహ్నం దించాను. బూజు పోయింది. ఎరుపు కూడా పోయింది. టోపీ పాత చింతపండులా ఉంది. దానిమీది మూడు ఈకల జరీ బొమ్మ మసిబారింది. అప్పుడే కారు హారన్ వినిపించింది. టోపీని పెట్టెలో పెట్టి మూత వేశాను. అత్త తెరిచి చూడకుండానే పెట్టె తీసుకుపోయింది.

దొర తనే మూత తీశాడు. గదంతా పొగ కంపు. ఒక దొర టోపీని ముక్కు దగ్గర పెట్టుకుని ఏదో అన్నాడు. ఇద్దరూ బల్ల గుద్ది నవ్వారు. రెండోవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ గదంతా తిరిగాడు. మా దొర చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళు తిని, తాగి, ఆట నేర్పే మాటెత్తకుండానే వెళ్ళిపోయారు.

దొర వెనక వరండాలోకి వచ్చాడు. కూలీలందరితో మాట్లాడే ఆ వచ్చీరాని అరవంలోనే ఎవరు చేశారని అడిగాడు. అత్త నన్ను చూపించింది.

"అప్పడి కూతురా?" అన్నాడు.

తర్వాత ప్రశ్న నన్ను అడగలేదు, అత్తనే అడిగాడు. పిల్ల తెలిసి చేసిందా, తెలియక చేసిందా? తెలిసి చేస్తే పిల్ల పోవాలి. తెలియక చేస్తే, తెలియనిదాని చేతికి ఇచ్చినందుకు అత్త పోవాలి.

అత్త నావైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"తెలిసే సేసింది దొరా. ఆళ్ళయ్యని తన్నినారని" అంది అత్త.

దొర కుడికాలి వైపు చూశాను. అది లేవలేదు. "పో" అన్నాడు.

అత్త నా రెండు పరికిణీలూ, నేనిది రాస్తున్న ఈ నోటుపుస్తకమూ మూటగట్టి గడప బయట పెట్టింది.

"మీ అయ్య కాడికి పో. దొరకి బుద్ధి సెప్పినావని లైన్లో నిన్ను నెత్తినెట్టుకుంటార్లే."

"తెలీక సేసినానత్తా" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"నాకు తెల్దేటే!" అని అత్త తలుపేసింది.