విల్కీ గెలిచాడని

అమెరికాలో న్యూహాంప్‌షైర్ అనే రాష్ట్రం ఉందని వరంగల్ బజారులో ఇత్తడి సామాన్లు అమ్మే రాజమల్లుకు 1944 మార్చిలో తెలిసింది. తెలిసిన రోజే బజారంతా పేడాలు పంచాడు. మన దేశానికి స్వాతంత్ర్యం రావాలని మాట్లాడే విల్కీ అనే అమెరికా నాయకుడు అక్కడ గెలిచాడట. నిజానికది, విల్కీని వాళ్ల పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబెట్టాలా వద్దా అని తేల్చే ఎన్నిక మాత్రమే. అలాంటివి ఇంకా బోలెడున్నాయి. పత్రికను అంత ఓపిగ్గా చదివే తీరిక ఎవరికుంది? పేడాలు తినేవాళ్లకు అసలే లేదు.

రాజమల్లు ఆత్రానికి కారణం ఉంది. ఒక్కగానొక్క కొడుకు సదానందం సత్యాగ్రహం చేసి జైల్లో ఉన్నాడు. మాఫీ కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తారు.

"దస్కత్ పెట్టి రమ్మను మామా. జెరమొస్తాందట," అని కోడలు శకుంతల ఏడ్చింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. విల్కీ గద్దెనెక్కితే ఇంగ్లీషోడు దిగుతడు, అందర్నీ ఇడుస్తరు. నా కొడుకు తల వంచకుంట ఇంటికొస్తడు."

ములాఖత్‌లో కొడుక్కీ అదే చెప్పాడు. కటకటాల అవతల సదానందం నవ్వి, "అట్లనే బాపూ," అన్నాడు. మనిషి సగమయ్యాడు. రాజమల్లుకు ఆ నవ్వు తప్ప మరేమీ కనిపించలేదు, పాపం.

ఏప్రిల్‌లో విస్కాన్సిన్ అనే మరో రాష్ట్రం కబురు వచ్చింది. అక్కడ విల్కీ చిత్తుగా ఓడి, పోటీ నుంచే తప్పుకున్నాడు. రాజమల్లు దుకాణం తలుపులైనా వేయకుండా జైలుకు పరుగెత్తాడు. కొడుకును అక్కడి దవాఖానలో పడుకోబెట్టారు.

"ఓడిండు కొడుకా. ఇగ మనకోసం ఎవ్వరు రారు. దస్కత్ పెట్టు, ఇంటికి పోదాం."

సదానందం కళ్లు తెరిచాడు. "ఎవరు బాపూ?"

"విల్కీ!"

"ఆయన సంగతి నాకేం ఎరుక? పోయినసారి నువ్వొచ్చిననాడే దస్కత్ పెడుదామనుకున్న. కాయిదం సుత అడిగి తీసుకున్న. నువ్వు గంత సంబురంగ చెప్తివి. నీ మొఖం జూసి చింపేసిన."

రాజమల్లు ఏడుస్తూనే మరో కాగితం తెప్పించాడు. కొడుకు వేళ్ల మధ్య కలం నిలవలేదు. వేలిముద్రయినా వేయిద్దామని బొటనవేలికి సిరా పూసేసరికి ఆ చేయి బరువుగా వాలిపోయింది. ఎవరో వచ్చి విడిపించేదాకా రాజమల్లు ఆ వేలిని కాగితానికి అదుముతూనే ఉన్నాడు.