గొళ్ళెం లేని గుమ్మం

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. అరచేతికి నిండుగా ఉంటాను. పుట్టింది దిండిగల్లులో. నా లోపలి పలకల్ని ఆకురాయితో అరగదీసి అమర్చిన ముసలాయన, తాళంచెవి దూర్చి తిప్పి, 'టక్' మన్న చప్పుడు విని, సంతోషంగా నవ్వి పక్కన పెట్టాడు. నన్ను పట్టుకుని నవ్వినవాడు ఆయనొక్కడే. ఆ తర్వాత నన్ను చేతబట్టినవాళ్ళంతా భయపడుతూనే పట్టుకున్నారు. ధైర్యం ఉన్నవాడు తాళంకప్ప కొనడు కదా!

నన్ను కొన్నది చీరాలలో శేషకుమారి. కొట్టాయన చూపించినవాటిలో అన్నిటికన్నా బరువైనదాన్ని ఏరి, బిగించి, రెండు చేతులా పట్టుకుని గుంజింది.

"సుత్తి పెట్టి కొడితే ఊడదు గదా?"

"ఎవరిచేత కొట్టిద్దామనమ్మా?" అన్నాడు కొట్టాయన. ఆమె నవ్వలేదు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. శేషకుమారికి కీడెంచడంతోనే పొద్దు గుంకేది. మేలు దాకా వచ్చేసరికి ఇంకో కీడు తట్టేది. నన్ను వేసి గుంజుతుంది. సందు మలుపు దాకా పోయి, తిరిగొచ్చి, మళ్ళీ గుంజుతుంది. ఆ చేతి చెమట తగిలీ తగిలీ ఆమె భయం నా ఇత్తడికీ పట్టింది. అయినా ఒక చిత్రం. అంతటి పిరికి మనిషీ నా చెవిని పక్కింటి కాశింబీ చేతిలో పెట్టి పోయేది.

"దోవలో పడిపోతే ఇంకేమన్నా ఉందా కాశింబీ!"

"మరి నేనే తీసి దోచుకుంటే ఏం జేస్తావక్కా?"

"నువ్వు చెప్పి దోచుకుంటావులే."

ఆమె కూతురు యామినికి ఫ్రాన్సులో, గ్రెనోబుల్ అనే కొండల ఊళ్ళో, పై చదువుకు సీటొచ్చింది. ఇంటిల్లిపాదీ మిఠాయి తింటుంటే శేషకుమారి గుమ్మంలో నా పక్కన కూర్చుని, మంచులో జారిపడటం దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా భయపడింది. పెట్టె సర్దేనాడు ఇంటి తలుపుకి కొత్త తాళం తగిలించి, నన్ను పచ్చళ్ళకీ ఉన్ని టోపీకీ మధ్య దూర్చింది.

"అమ్మా, అక్కడ తలుపులకి తాళాలుండవా ఏంది?"

"ఉంటయ్. వాళ్ళు జేసిన తాళం తీయడం వాళ్ళకి రాదా? ఇది మన తాళం. ఇంకోమాట, అక్కడ పక్కవాళ్ళతో రాసుకుపూసుకు తిరగమాక. మాట తెలీని దేశం. ఎవరెట్టాంటోళ్ళో ఏమో."

తీరా అక్కడికి పోతే ఆ గది తలుపుకు గొళ్ళెమే లేదు. మూసుకుంటే దానంతటదే తాళం పడిపోయే తలుపు. బయటివైపు తిరగని పిడి ఒకటి, అలంకారానికి. యామిని నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "నిన్నేం జేసుకోను?" అని పొయ్యి పక్కన బల్ల మీద పెట్టింది. పనిలేని కాపలావాడికి భయం రెట్టింపు.

ఎదురు గుమ్మంలో ఒదీల్ అనే ముసలావిడ ఒక్కతే ఉండేది. ఆమె తలుపుకు మూడు గడియలు. ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు వినపడితే నాకు చుట్టాలు పలకరించినట్టుండేది. ఆవిణ్ణి చూస్తే యామినికి భయం. యామినిని చూస్తే ఆవిడకూ భయమేనని నా అనుమానం. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ "బోంజూర్" అని చెరో గోడకూ అతుక్కుని తప్పుకునేవాళ్ళు.

చలికాలం, శనివారం మధ్యాహ్నం. కరెంటు పొయ్యికి రెండు పలకలు, ఒకదాని మీద పప్పు ఉడుకుతోంది. యామిని పక్క పలక మీద చారుకి పోపు వేసి, ఆ పలక ఆర్పింది. ఇంగువ, ఎండుమిర్చి ఘాటు గదంతా కమ్మేసింది. వంట వాసనకి ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే గది ఖాళీ చేయిస్తారని క్లాసులో ఎవరో బెదిరించారు. అందుకని కిటికీ బార్లా తీసింది. అయినా ధైర్యం చాలలేదు. వాసన ఎదురింటి దాకా పోయిందేమో చూద్దామని, ఉత్త కాళ్ళతోనే గడప దాటి, నడవలో నిలబడి గాలి పీల్చింది.

కొండ మీంచి ఒక్క విసురు గాలి వచ్చింది. తలుపు ధడేల్మంది.

తాళంచెవి మేకుకుంది. ఫోను మంచం మీదుంది. పప్పు పొయ్యి మీదుంది. ఆ పొయ్యి పైన తగిలించిన మసిగుడ్డ గాలికి ఊగుతూ, ఎర్రగా కాలిన పలకను అందుకోబోయి వెనక్కి పోతోంది. మళ్ళీ వస్తోంది. నేను జానెడు దూరంలో ఉన్నాను. చేతుల్లేవు. అరవడానికి నోరు లేదు.

ఫోను మోగింది. అమ్మ.

"పిల్ల స్నానం చేస్తోందేమోలే" అనుకునే తల్లులుంటారు. శేషకుమారి మొదటి పిలుపుకే మనసులో కూతుర్ని నీళ్ళగదిలో జారవేసి ఉంటుంది. రెండోదానికి ఆసుపత్రి, మూడోదానికి... నాకు తెలుసు, ఆ చెయ్యి చెమట నాకు తెలుసు. ఈ ఒక్కసారి మాత్రం ఆమె భయపడింది తక్కువే. పప్పులో నీళ్ళు ఇగిరిపోయాయి. మాడు వాసన లేచింది.

బయట యామిని ఎదురు తలుపు బాదుతోంది. నేర్చుకున్న ఫ్రెంచి అంతా భయానికి మరిచిపోయింది. "తలుపు... నేను... పొయ్యి..." అంటోంది.

ఒక గడియ తీసిన చప్పుడు. రెండోది. మూడోది. గొలుసు మాత్రం ఉంచి, సందులోంచి ముసలావిడ అడిగింది. "ఎవరు కావాలి నీకు?" అంతలోనే ముక్కు ఎగబీల్చింది. "అయ్యో దేవుడా, ఏదో మాడుతోంది!"

"పప్పు!" అని ఏడ్చింది యామిని, తెలుగులోనే.

గొలుసు జారింది. ఒదీల్ కుంటుకుంటూ లోపలికి పోయి, కుంటుకుంటూ వచ్చింది. అప్పుడు మా తలుపు సందులోంచి నల్లటి రేకు ఒకటి లోపలికి పాకుతూ వచ్చింది. దాని మీద ఎముకలు! తెల్లటి తుంటి ఎముకలు! యముడే రెక్క సందులోంచి వస్తున్నాడనుకున్నాను. ఆవిడ తన తుంటికి తీయించుకున్న ఎక్స్‌రే ఫిల్ము అది. దాన్ని పైకీ కిందికీ జరుపుతూ తలుపు తాళం నాలుకను వెనక్కి నెడుతోంది.

"తలుపు నీ వైపుకి లాగు! ఇప్పుడు తొయ్యి! ఇంకా గట్టిగా, అన్నం తినలేదా?"

తలుపు తెరుచుకుంది. తాళం పుట్టుక పుట్టినందుకు నాకెంత సిగ్గేసిందో, అంత సంతోషమూ వేసింది. అప్పటికి మసిగుడ్డ అంచు అంటుకుంది. యామిని దాన్ని తొట్లో పడేసి నీళ్ళు వదిలింది. గదంతా పొగ.

ఫోను ఇంకా మోగుతోంది. దగ్గర్లో ఉన్న ఒదీల్ అందుకుంది. అది వీడియో పిలుపు. చీరాలలో శేషకుమారికి ఏం కనపడిందంటే పొగ, ఆ పొగలో జుట్టు రేగిన తెల్ల ముసలావిడ, ఆవిడ చేతిలో ఎముకలు.

"ఎవురే నువ్వు? నా బిడ్డేదే? ఆ ఎముకలెవరియ్యే?"

"తలుపు, అమ్మా! తలుపు!" అని ఒదీల్ తన భాషలో అంతకంటే గట్టిగా అరిచింది.

"అమ్మా, నేనే! బాగానే ఉన్నా!" మసి మొహంతో యామిని అడ్డం పడింది.

అవతల చాలాసేపు ఏడుపు. జరిగిందంతా విన్నాక శేషకుమారి ముక్కు చీదుకుని అడిగింది. "నేనిచ్చిన తాళం ఏం జేస్తా ఉందే?"

"చూస్తా కూర్చుందమ్మా."

ఎంత మాట! కరిగిపోవాలనిపించింది.

"ఆమె ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ లేరు. ఒక్కతే."

"ఒక్కతేనా?" శేషకుమారి గొంతు మారింది. ఆ మార్పు నాకు బాగా తెలుసు, కొత్త భయం పుట్టింది. "ఆ కాలుతో ఎప్పుడన్నా లోపల పడిపోతే? మూడు గడియలంటివి, ఎవురు తీస్తారే? ఒసే, నీ తాళంచెవొకటి ఆమెకియ్యి. ఆమె చెవొకటి అడిగి పుచ్చుకో. చెవితో తీయరాని పైగడియ రాత్రిపూట వేయొద్దని చెప్పు."

"పక్కవాళ్ళతో రాసుకుపూసుకు తిరగొద్దన్నావుగా?"

"ఆమె పక్కామె ఎట్టయిద్దే? ఎముకలు జూపించి తలుపు తీసినామె."

ఇప్పుడు యామిని చెవి ఒదీల్ ఇంట్లో, ఒదీల్ చెవి మా మేకుకు ఉంటాయి. సాయంత్రాలు యామిని గిన్నెలో చారు పోసుకుని ఎదురింటికి పోతుంది. పోయేముందు నన్ను తెచ్చి, గాలికి తలుపు పడకుండా రెక్కకీ గడపకీ మధ్య పెడుతుంది. మూయడానికి పుట్టినదాన్ని, మూసుకోకుండా ఆపుతున్నాను.

భయం పోలేదు. గాలి వీచినప్పుడల్లా రెక్క వచ్చి గుద్దుతుంది, ఒళ్ళు జల్లుమంటుంది. అయినా కదలను. అటునుంచి ఒదీల్ పొలమారి దగ్గడం, యామిని నవ్వడం వినపడుతూ ఉంటుంది. ఆ నవ్వు మధ్యలోనే ఫోను మోగుతుంది.

"తాళం యాడుందే?"

"గుమ్మంలోనే ఉందమ్మా."

"అయితే సరే" అంటుంది శేషకుమారి.