బస్సు చార్జీ మాత్రమే

"మీటింగుకు పోయేదానివి, చేతులన్నా కడుక్కోకూడదా?" అన్నాడు గురవయ్య తల దువ్వుకుంటూ.

లీలావతి కడుక్కునే ఉంది. పత్తి డొప్పలు గీరుకున్న వేళ్లు ఎంత కడిగినా అలాగే ఉంటాయి. తెల్లారకముందే లేచి ఎనుము పాలు పిండి, కూలీలకు సంగటి కెలికి, వాళ్లతో పాటు చేలో కాసేపు పత్తి ఏరి, పరుగున వచ్చి చీర మార్చుకుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆళ్లగడ్డలో బస్సెక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

నంద్యాలలో ప్రభుత్వం పత్తి సలహా కమిటీ వేసి ఏడాది కావస్తోంది. అందులో చేరాలని గురవయ్య చాలా తిరిగాడు. మగవాళ్ల కుర్చీలు నిండిపోయాయి, ఆడవాళ్లకు ఒకటి మిగిలింది అన్నారట. ఇంటికొచ్చి, "నీ పేరు ఇచ్చినా. నువ్వు కూసుంటే చాలు, మాట్లాడేది నేను చూసుకుంటా" అన్నాడు. అప్పటినుంచి ఆమె కుర్చీ వెనక ఆయన కుర్చీ. పురుగు గురించి, మందు గురించి ఆమెను అడిగితే ఆయన చెప్పేవాడు. చెప్పేదంతా అన్నం తింటూ ఆమెనడిగి తెలుసుకున్నదే. ఊళ్లోవాళ్లకు మాత్రం ఆయన మెంబరు గురవయ్య.

ఆ రోజు మీటింగులో అధికారి కొత్త ఉత్తరువు చదివాడు. ఇకమీదట మీటింగుకు వచ్చే రైతు సభ్యులకు ఒక రోజు పని పోతుంది కాబట్టి బత్తెం ఇస్తారు. పని నష్టం లేనివాళ్లకు బస్సు చార్జీ మాత్రమే. మీరేం పని చేస్తారని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు.

పక్క కుర్చీలోని రామన్న, "సేద్యం సార్. సీలింగు చట్టమొచ్చినప్పుడు భూమి మా ఆడమనిషి పేరున రాయించినా గానీ, సేద్యం నాదే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనకు బత్తెం ఖాయమైంది.

"మీరమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి గురవయ్య అందుకున్నాడు. "ఇంట్లో ఉంటాది సార్. పనేం లేదు."

"అయితే బస్సు చార్జీ మాత్రమే," అని అధికారి తరువాతి మనిషి వైపు తిరిగాడు.

పనేం లేదు. అత్త బతికుండగా అనేది, ఇంట్లో కూసోని తినేదానికి అలుపేంది అని. ఆమె పోయాక ఆ మాట కొడుకు నోట్లోకి వచ్చి చేరింది. విత్తనం ఎంచింది ఎవరు, కూలీల వెంట వంగి కలుపు తీసింది ఎవరు, మందు కలిపి ఆ వాసనకు అన్నం సయించక పడుకుంది ఎవరు, పసిబిడ్డను చెట్టు కింద పడుకోబెట్టి పాలు చేపి తడిసిన రవికతో పత్తి ఏరింది ఎవరు? గురవయ్య అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆ సంగతే ఆమె నోరు తెరిపించింది.

"సేద్యం, సార్," అంది.

అధికారి మళ్లీ ఆమె వైపు చూశాడు. "పట్టా ఎవరి పేరున ఉందమ్మా?"

"ఆయన పేరునే."

"మరి రైతు ఆయనే కదా."

"రామన్ననెందుకు అడగలేదు సార్ పట్టా? అది ఆయమ్మ పేరున ఉండాదని ఇప్పుడే చెప్పె గదా."

రామన్న తువ్వాలు సర్దుకున్నాడు. "అది వేరే సంగతమ్మా," అని అధికారి ధరల విషయం ఎత్తుకున్నాడు.

తిరుగు బస్సులో గురవయ్య, "నలుగురిలో నా మానం తీస్తివి. ఇంక నువ్వు పోయేది లేదు. నీకు ఒళ్లు బాగలేదని చెప్పి నేనే పోయి కూసుంటా" అన్నాడు. చేను ఆయనది, ఇల్లు ఆయనది, ఇప్పుడు కుర్చీ కూడా ఆయనదే. బస్సు దిగి ఎక్కడికి పోవాలన్నా దారి ఆ ఇంటికే. లీలావతి అక్కడికే పోయింది, పొయ్యి రాజేసింది, వండి పెట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే కూలీల గుంపుకు పెద్దయిన మారెమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

"అమ్మా, వాన వచ్చేటట్టుండాది. ఏ పక్క ముందు ఏరల్ల?"

తూర్పు పక్కన కాయలు పగిలి పత్తి విచ్చుకుని ఉందనీ, అది తడిస్తే ఎందుకూ కొరగాదనీ లీలావతికి తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంగటి కెలికే తెడ్డును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"రైతునడుగు మారెమ్మా," అంది. "లోపల పండుకోనుండాడు."