పద్నాలుగు గదుల చిరునామా

బాబాయ్ స్విచ్ ఆపాడు. మెట్ల కింద గోడకు బిగించిన ఇంటర్నెట్ పెట్టె మీద నాలుగు పచ్చదీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. భుజం మీది పసుపు గుడ్డ తీసి పెట్టె ముందూ వెనకా, వైర్ల సందులూ తుడిచాడు. దాని వేడి అరచేతికి హాయిగా తగిలింది. ఈలోగా పైనుంచి కేకలు.

"బాబాయ్! కొంప ముంచావ్, సినిమా ఆగిపోయింది!"

"దానికీ ఊపిరి ఆడాలి కదయ్యా. ఏడు కొట్టింది, నువ్వూ లేచి మొహం కడుక్కో," అని మళ్లీ స్విచ్ వేశాడు.

గదులు అద్దెకిచ్చే ఇల్లది. పద్నాలుగు గదులు, ఒకటే కనెక్షన్. కాపలా, ఊడ్పు, కుళాయిల మరమ్మతు అన్నీ బాబాయే. యాభై ఎనిమిదేళ్లు, ఎడమ మోకాలు వంగదు. అసలు పేరు ఎవరికీ పట్టదు. అది రాసివున్న కాగితం ఒక్కటే, ఈ కనెక్షన్‌ది. తన పేరు ఎక్కడా పడటం ఇష్టంలేని యజమాని, "నీ పేరు మీద రాయిద్దాంరా, నీకంటూ ఒకటుండాలి కదా," అన్నాడు. బాబాయ్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంచం పైన మేకుకు తగిలించుకున్నాడు. ఊరికే వచ్చిన సరుకులో ఎక్కడో పురుగుంటుంది. కానీ ముప్ఫై ఏళ్లు ఒకరి గుమ్మంలో బతికినవాడికి సరుకు ఎంచి చూసే అలవాటు పోతుంది.

పెట్టె బిగించినతను చెప్పిన సంగతిని బాబాయ్ కొత్తగా దిగిన ప్రతివాడికీ కథలా చెప్పేవాడు. బయటి లోకానికి ఈ ఇల్లంతా ఒకటే నంబరు. లోపల ఒక్కో ఫోనుకీ, కంప్యూటరుకీ పెట్టె ఒక చిన్న నంబరు ఇచ్చుకుంటుంది. ఎవరేది అడిగినా ఆ ఒక్క నంబరు మీదే బయటికి పంపి, జవాబు రాగానే ఎవరిదో గుర్తుపెట్టుకుని వాళ్లకే చేరుస్తుంది. ఆ గుర్తంతా దాని తలలోనే. కరెంటు తీస్తే మరిచిపోతుంది.

"నాకంటే అదే సుఖపడింది," అని చివర్లో నవ్వేవాడు.

ఏడో గది అతను మెట్లు దిగుతూ ఆగాడు. ఎన్నడూ పలకరించని మనిషి.

"పెట్టె ఆపి మళ్లీ వేశావా బాబాయ్?"

"వేశానయ్యా. మరిచిపోతానా?"

"నీ పనే పని," అంటూ రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి మళ్లీ పైకే వెళ్లాడు. బాబాయ్ ఒకటి తిని, ఒకటి మధ్యాహ్నానికి దాచుకున్నాడు.

పదకొండింటికి, బాబాయ్ రెండో అంతస్తు కుళాయి విప్పుతుండగా ఇద్దరు పోలీసులు, ఒక కంప్యూటరు మనిషి వచ్చారు. పొద్దున ఆరూ నలభైకి బాంబు పెట్టామని ఆసుపత్రికి ఈమెయిల్లో ఉత్తరం వెళ్లింది. బాంబు లేదు. రోగుల్ని వీధిలోకి మోస్తుంటే ఒక ముసలామె మెట్ల మీదే పోయింది. ఉత్తరం పంపిన నంబరు ఈ ఇంటిది.

"కనెక్షన్ ఎవరిది?"

"నాదేనండీ," అని బాబాయ్ గోడమీది కాగితం తీసి, తుడిచి మరీ ఇచ్చాడు.

కంప్యూటరు మనిషి పెట్టెకు వైరు తగిలించి చూసి పెదవి విరిచాడు. "ఏ గదిలోంచి వెళ్లిందో తెలీదు సార్. ఏడింటికి ముందు సంగతి ఏమీ మిగల్లేదు."

"ఎవడు ఆపాడు?"

"నేనేనండీ. రోజూ ఆపి తుడుస్తానండీ."

"చక్కగా తుడుస్తున్నావ్," అన్నాడు పోలీసు.

బాబాయ్ మీటల ఫోను తీసి చూపించాడు. "ఇందులో ఇంటర్నెట్టే రాదండీ."

"రెండోది ఎక్కడ పారేశావో నువ్వే చెప్తావులే."

కబురందుకుని వచ్చిన యజమాని ఆ కాగితాన్ని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "నాకేం సంబంధం? పేరు చదవండి."

"అయ్యా, మీరే కదా..."

"ముప్ఫై ఏళ్లు తిండి పెట్టినందుకు బాగా చేశావురా."

అద్దెవాళ్లు మెట్ల మీదికి చేరారు. వాళ్లలో ఏడో గది అతన్ని చూడగానే బాబాయ్‌కి పొద్దుటి ప్రశ్నా, అరటిపళ్లూ ఒకేసారి గుర్తొచ్చాయి. వేలు చాపాడు. "సార్, ఆయన పొద్దున అడిగాడండీ, పెట్టె ఆపావా అని. ఎప్పుడూ అడగడు!"

ఏడో గది అతను కోప్పడలేదు. "బాబాయ్ మంచోడే సార్. వదిలేయండి పాపం. కాకపోతే ఈమధ్య ఎప్పుడు చూసినా ఆ పెట్టె దగ్గరే ఉంటున్నాడు. ఎందుకో మాకేం తెలుసు?"

మెట్ల మీద తలలు ఊగాయి. పోలీసులు గదులు వెతకడం మొదలుపెడితే ఎవరి ఫోనులో ఏముందో వాళ్లకే తెలుసు. పద్నాలుగు గదుల నష్టం ఒక్క మనిషితో తీరిపోతుంటే ఎవరు మాత్రం బేరమాడతారు? సినిమా ఆగిందని కేకేసినవాడు కూడా, "అవును సార్, అక్కడే ఉంటాడు," అన్నాడు.

జీపు ఎక్కడానికి మోకాలు వంగలేదు. పోలీసు దాన్ని వంచాడు. బాబాయ్ కేక వేసి, కాసేపటికి, "పొద్దున్నే ఆ పెట్టెనెవరైనా కాస్త ఆపండయ్యా, వేడెక్కుద్ది," అన్నాడు. జీపు చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

మూడో రోజు సాయంత్రం అన్ని గదుల్లోనూ బొమ్మ ఆగిపోయింది. "బాబాయ్!" అని పైనుంచి ఎవరో అలవాటుగా పిలిచి, చప్పున నోరు మూసుకున్నారు. ఎవరూ దిగి రాలేదు. మెట్ల కింద, కాలిపోయేంత వేడెక్కిన పెట్టె మీద, నాలుగు మడతలు పెట్టిన పసుపు గుడ్డ.