గంజాయి తోటలో బోను

మార్లిస్‌కు కొట్లాటంటే గిట్టదు. యుద్ధం వద్దని రాసిన అట్టముక్క పట్టుకుని వీధుల్లో నడిచిన రోజుల్లో పోలీసు లాఠీ తిని, ఇక నగరాలూ వద్దు వాటి రభసా వద్దనుకుని, భర్త ఓరిన్ చెయ్యి పట్టుకుని కాలిఫోర్నియాలోని హంబోల్ట్ కొండలెక్కిన మనిషి ఆమె. అప్పటి నుంచీ ఆ కొండ మీదే గంజాయి పండించుకుంటూ బతికారు ఇద్దరూ. పిల్లలు బొమ్మ తుపాకులు పట్టుకుని తోటలోకి వచ్చినా ఊరుకునేది కాదు. అలాంటిది, డెబ్బై దాటిన వయసులో, తన తోట పక్కనున్న పచ్చికలో ఇనుప వల బోను వేయించి, అందులో మనుషులు తన్నుకుంటారంటే సరేనందని విని చుట్టుపక్కల తోటలవాళ్లెవరూ ముందు నమ్మలేదు.

కారణం కిందటేడు మంట.

ఆ రోజు ఆమె ఓరిన్ మందుల కోసం ఊళ్లోకి దిగింది. పక్షవాతం వచ్చి ఓరిన్ కుడి పక్క పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. ఇంట్లో తోడుగా మచాడో ఉన్నాడు. మచాడో బోనులో కుస్తీ, గుద్దులాట కలిసిన పోటీల్లో దిగే కుర్రాడు. ఊళ్లో యోలండా నడిపే వ్యాయామశాలలో నేర్చుకుంటాడు, పోటీలు లేనప్పుడు కొండ మీది తోటల్లో మొగ్గలు కత్తిరించే పని చేసుకుంటాడు. మార్లిస్ తిరుగు ప్రయాణం కట్టేసరికి కొండ అంటుకుంది, కింద రోడ్డు మూసేశారు. ఆమె ఎంత బతిమాలినా పైకి పోనివ్వలేదు. పైనేమో రోడ్డుకి అడ్డంగా చెట్టు పడి, ట్రక్కు కదలక, మచాడో ఓరిన్‌ను వీపున వేసుకుని నడిచి దిగాడు. కొండ కింద ఏటి ఒడ్డున ఇద్దరూ మసి బొమ్మల్లా కనిపించగానే మార్లిస్ నీళ్ల సీసాలు పట్టుకుని పరుగెత్తింది. మచాడో సీసాడు నీళ్లు గటగటా తాగి, మీ ఆయన చూడ్డానికి పీలగా ఉంటాడుగాని బరువేనండీ అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె ఏమిచ్చినా పుచ్చుకోలేదు.

గాలి మళ్లడంతో ఇల్లూ, కొట్టమూ మిగిలాయి. ఆమె మనసులో మాత్రం ఆ రుణం అలాగే ఉండిపోయింది.

వేసవిలో ఒకరోజు యోలండా పలకరించడానికి వచ్చి, మాటల్లో తన గోడు చెప్పుకుంది. కోతల కాలంలో పోటీలు పెట్టాలనుకుంటే ఊళ్లో ఎవరూ చోటివ్వలేదట. ఖర్చు పెట్టుకునేది గంజాయి తోటలవాళ్లని తెలియగానే అందరూ ముఖం తిప్పేసుకున్నారట. గంజాయిని చట్టం ఒప్పుకున్నా మనుషులు ఒప్పుకోరని ఆమె నవ్వేసింది. మార్లిస్ కాఫీ పోస్తూ, "మా పచ్చిక ఖాళీగానే ఉందిగా" అంది. అన్నాక తన నోటి నుంచేనా ఆ మాట వచ్చిందని తానే ఆశ్చర్యపోయింది.

కోతల పండుగ నాడు కొండంతా జనం. కొట్టం ముందు బల్లల మీద గాజు సీసాల్లో ఆ ఏటి మొగ్గలు వరసగా పెట్టారు. మూతలు తీసి, వాసన చూసి, ఇది కమలా తొక్క, ఇది డీజిల్ అని పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. పొగ తాగేవాళ్ల డేరా బోనుకి బాగా దూరంగా, గాలివాటు చూసి వేశారు. పోటీ ముగిసేదాకా ఆటగాళ్లెవరూ అటు తొంగి చూడకూడదని యోలండా గట్టి నియమం పెట్టింది. గెలిచినవాడికి కట్టే నడికట్టును మార్లిసే గంజాయి నారతో అల్లింది. అది ఇచ్చేసి, తాను వంటింట్లో చిక్కుళ్ల సూప్ కాస్తూ తలుపేసుకుని కూర్చుందామనుకుంది. కాని ఓరిన్ బోను పక్కనే కూర్చుంటానని మొండికేశాడు. చక్రాల కుర్చీ తోసేవాళ్లు వేరే ఎవరూ లేరు. కళ్లు మూసుకుని కూర్చుంటే సరిపోతుందని సర్దిచెప్పుకుని వెళ్లింది.

మచాడో చివరి పోటీ రెడింగ్ పట్టణం నుంచి వచ్చిన బ్రైస్ అనే బలిష్ఠుడితో. మొదటి విడత మచాడోదే. ఆమె వేళ్ల సందుల్లోంచి చూసింది. మెల్లగా చేతులు దించేసింది. రెండో విడతలో అతను బ్రైస్‌ను పైకెత్తబోయి, ఎత్తలేక, మొహం చిట్లించి కూలబడ్డాడు.

"కొండ దిగినప్పటి నుంచీ ఆ నడుము ఇంతే" అని గొణిగింది పక్కనే నిలబడ్డ యోలండా.

మార్లిస్ తల తిప్పి చూసింది. యోలండా నాలుక కరుచుకుంది. కాని దాచలేకపోయింది. ఓరిన్‌ను మోసినప్పుడు పట్టేసిన నడుమట అది. దాని మూలంగా ఆ చలికాలం లాస్ వేగస్‌లో వచ్చిన పెద్ద పోటీ అవకాశాన్ని మచాడో వదులుకున్నాడట. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

లోపల బ్రైస్ మోచెయ్యి మచాడో మెడకు చుట్టుకుంది. మచాడో అరచేత్తో నేల తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. బ్రైస్ వెంటనే వదిలేసి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, బాగానే ఉన్నావా అని అడిగి, చంకలో చెయ్యేసి లేపాడు. అంతసేపూ తన్నుకున్నవాళ్లు అన్నదమ్ముల్లా ఒకరి భుజం మీద ఒకరు వాలిపోవడం చూసి మార్లిస్ తెల్లబోయింది. బ్రైస్‌కు నడికట్టు తానే కట్టింది. బ్రైస్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇన్నాళ్లూ గెలిచినవన్నీ చెమట కంపేనండీ, ఇదొక్కటే పచ్చిగడ్డి వాసనేస్తోంది అన్నాడు.

మచాడో కొట్టం వెనక గడ్డిమోపు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మార్లిస్ ఓరిన్ కుర్చీ తోసుకుంటూ వచ్చి, తాను గంజాయి ఆకుతో కాచిన మైనం లేపనం తీసి అతని నడుముకి రాయడం మొదలుపెట్టింది. భుజంతో కళ్లు తుడుచుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు, ఏడుస్తారు. ఇప్పుడు చూడండి, అదే చేస్తున్నారు."

"నీ బతుకు బాగుపడే అవకాశం పోయిందటగా, మా మూలంగా."

మచాడో మోచేతుల మీద లేచాడు. "అమ్మా, మీకసలు సంగతి తెలీదు. ఆ పొగలో నా చెయ్యే నాకు కనపళ్లేదు. రోడ్డమ్మట పోదామని బయల్దేరా. ఈయన ఒప్పుకోలా. పొదల్లోకి దిగమని ఒకటే గోల. మాట అర్థమవ్వట్లేదుగా, ఉన్న ఆ ఒక్క చేత్తో నా ఎడం చెవి లాగితే ఎడమకి, నెత్తిన మొట్టితే కుడికి. గాడిదని తోలినట్టు తోలాడు. పొదల కింద దారులున్నాయమ్మా, చక్కటి దారులు! తర్వాత తెలిసింది, రోడ్డు మలుపు దగ్గర మంట అప్పటికే దాటేసిందంట. నేనాయన్ని మోశానని ఊరంతా అంటోంది. నన్ను బతికించి దింపింది ఆయన. థ్యాంక్స్ చెప్పాలని ఏడాదిగా చూస్తున్నా, ఎదురుగా కూర్చుంటే నోరు రాదు."

మార్లిస్ చెయ్యి ఆగిపోయింది. ఆ దారులు ఆమెకు తెలుసు. గంజాయి నేరమై, పోలీసు హెలికాప్టర్లు తోటల కోసం వెతికే ఏళ్లలో, పైనుంచి కనపడకుండా కొడవళ్లతో పొదలు నరికి ఇద్దరూ చేసుకున్న దారులవి. వాటిలో ఆమె ఎన్నడూ గుండె దడ లేకుండా నడవలేదు. చట్టం మారాక మళ్లీ అటు పోలేదు. పొదలు కమ్మేసి ఉంటాయనుకుంది. ఓరిన్ మరిచిపోలేదన్నమాట.

ఆమె భర్త వైపు చూసింది. ఓరిన్ పెదవులు కూడదీసుకున్నాడు. "చెవులు... పెద్దవి," అన్నాడు. "పట్టుకోడానికి... వీలు."

మచాడో ముందు నవ్వాడు. తర్వాత లేచి వచ్చి కుర్చీ ముందు మోకరిల్లి, ముసలాయన పనిచేసే చేతిని తీసుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. ఓరిన్ ఆ నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

ఆ సాయంత్రం డేరాలో బ్రైస్ చుట్టిన చుట్ట అందరి చేతులూ తిరిగింది. డాక్టరు వద్దన్నాడు కాబట్టి ఓరిన్ వాసనతోనే సరిపెట్టుకున్నాడు. మార్లిస్ యోలండాను పక్కకు పిలిచి, మొగ్గలు ఆరిపోయాక కొట్టం వసంతం దాకా ఖాళీయేనని, వ్యాయామశాల అక్కడికి తెచ్చుకోమని చెప్పింది. నడుము బాగయ్యేదాకా మచాడో పై గదిలో ఉండాలంది. అడిగినట్టు అనలేదు, తేల్చి చెప్పింది.

చలికాలమంతా పొద్దున్నే కొట్టంలో చాపల మీద మనుషులు ధబధబా పడే చప్పుడు వినిపించేది. మార్లిస్‌కు ఇప్పటికీ పిడిగుద్దులు చూడటం ఇష్టం లేదు. సూప్ గిన్నె తలుపు దగ్గర పెట్టి, లోపలికి చూసేది. ఒక మూల మచాడో, యోలండా చెరో చంక కింద చెయ్యి వేసి ఓరిన్‌ను నిలబెడుతుంటారు. వణుకుతున్న ఆ కుడికాలు చాప మీద ఆనుతుంది. మోకాలు వంచు ముసలాయనా, వంచు, అని మచాడో కసురుతుంటాడు. ఓరిన్ ముద్దమాటల్లో తిడుతుంటాడు. ఆమె ఆ తిట్లన్నీ విని, గిన్నె చల్లారక ముందే రమ్మని కేకేసి, ఇంటి వైపు నడిచేది.