వెనక వరుస కుర్చీ కడుపుమంట

నేను ఒక టేకు కుర్చీని. అల్లాటప్పా కుర్చీని కాను, చేతులున్న కుర్చీని. నిర్మల్‌లో ఈదయ్య అనే వడ్రంగి నన్ను ఒక ఫొటో స్టూడియో కోసం చేశాడు. ఎంతమంది పెళ్ళికొడుకులు నా మీద కూర్చుని ఛాతీ విరుచుకున్నారో! స్టూడియో మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుపోతుంటే, హైదరాబాదు శివార్లలోని ఒక అంతర్జాతీయ పాఠశాల ప్రిన్సిపాల్ నన్ను చూసి ముచ్చటపడి కొనుక్కుంది.

ఆ బడిలో ఎన్ని భాషలో! అక్కడ టీచర్లకు కూడా చదువు తప్పదు. శిక్షణ పేరుతో ఒకరి పాఠం ఇంకొకరు కూర్చుని చూడాలి. ఆ భాష రాకపోయినా ఫరవాలేదు, పిల్లల మొహాలు చూస్తే చాలంటారు. అలా చూసేవాళ్ళ కోసం తరగతి వెనక వేసే కుర్చీని నేనే. నన్ను చూడగానే పాఠం చెప్పేవాళ్ళకు నోరెండిపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకది భలే ఇష్టం.

ఒక సోమవారం హైమవతి టీచర్ నా మీద కూర్చుంది. వరంగల్ ఆవిడ, తెలుగు చెబుతుంది. ఎదురుగా ఏడో తరగతికి ఫ్రెంచి చెబుతున్నది యానాం నుంచి కొత్తగా వచ్చిన రోజలిన్. ఏడో తరగతి దాకా పిల్లలు రెండు భాషలూ చదువుతారు. ఎనిమిదిలో ఒక్కటే ఎంచుకోవాలి. ఆ ఎంపిక వచ్చే శనివారమే. అందరూ ఫ్రెంచి వైపు పోతే ఎనిమిదిలో తెలుగు ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పింది. ఇక హైమవతి కడుపు ఎలా మండుతోందో మీకు చెప్పాలా?

రోజలిన్ తరగతిలో బల్లలు లేవు. రంగురంగుల మెత్తటి దిండ్లు. పిల్లలు వాటి మీద దొర్లుతూ పాటలు పాడారు, ఉత్తుత్తి సంతలో ఫ్రెంచిలో కూరగాయలు బేరమాడారు. జోయా అనే పిల్లయితే లేచి గంతులేసింది.

"ఈ పొల్ల నా క్లాసుల నోరే తెరవది. ఈడ జూడు, ఎట్ల ఎగురుతున్నదో!" అని హైమవతి పళ్ళు నూరింది. నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. నేనేమీ అనుకోలేదు. నా చూపంతా ఆ దిండ్ల మీదే ఉంది. దూది కూరిన గుడ్డ ముక్కలకు అంత వైభవమా?

పాఠం చూసినవాళ్ళు రెండు మంచి మాటలు, ఒక మార్పు చెప్పాలని అక్కడి ఆచారం. హైమవతి మూతి ముడుచుకుని, "అంతా మంచిగనే ఉన్నది. జర లొల్లి తగ్గియ్యండ్రి," అనేసి లేచిపోయింది.

గురువారం రోజలిన్ వంతు. ఆవిడ నా మీద కూర్చుని చూస్తే ఏముంది? హైమవతి బల్లలన్నీ తీయించేసింది, దిండ్లు తెప్పించింది, తెలుగులో కూరగాయల సంత పెట్టింది! పాట ఎత్తుకుంటే గొంతు కీచుమంది. పిల్లలు బిక్కమొహాలేసుకుని వంకాయలు కొన్నారు. ఆఖరికి తెలుగు క్లాసులో ఎన్నడూ నోరు విప్పని జోయా చెయ్యెత్తింది.

"టీచర్, మా తెలుగు టీచర్ ఎప్పుడొస్తది?"

నా మీద నుంచి రోజలిన్ అందుకుంది.

"ఆయ్, నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండి. గోడవతల నుంచి రోజూ మీ క్లాసు గోల విని కుళ్ళి చస్తున్నానండి నేను. నా పిల్లలు నేను నేర్పిందే అంటారు. మీతో అయితే దెబ్బలాడతారు. అదెలాగో చూద్దామని వస్తే, నా పాఠం నాకే చూపిస్తారేంటండీ!"

హైమవతి అసలు పద్ధతి వేరు. పచ్చి అబద్ధం ఒకటి చెప్పి, కాదని తెలుగులో నిరూపించమంటుంది. ఆవిడ కొంగు దోపుకుని, దిండ్లను కాలితో పక్కకు నెట్టింది.

"మొన్న మా మేనమామ బర్రె మెట్రో ఎక్కింది. టికెట్ గూడ తీసుకున్నది."

తరగతి భగ్గుమంది. "అబద్ధం! తోక తలుపుల ఇరుక్కపోదా?" అంటూ జోయా అరిచింది. "కొమ్ములతో తనిఖీ ఎలా దాటిందండీ?" అంటూ రోజలిన్ నన్ను వదిలేసి, పిల్లల మధ్య దూరి నేల మీద చతికిలబడింది. నన్ను వదిలేసి! నేల మీద!

శనివారం చాలామంది తెలుగే రాశారు, ఎనిమిదిలో తెలుగు నిలబడింది. జోయా మాత్రం ఫ్రెంచే రాసింది. ఆ రోజు హైమవతికి అన్నం సయించలేదు. ఇప్పటికీ ఆ పిల్ల ఫ్రెంచి పాట వినబడితే ఆవిడ నడక వేగం పెంచుతుంది.

ఆ తర్వాత, పాఠం చూసేవాళ్ళు ఇకనుంచి పిల్లలతోపాటు కిందే కూర్చోవాలని ప్రిన్సిపాల్ చెప్పింది. నన్ను మెట్ల కింద గదిలో పడేశారు. గోడకవతలే హైమవతి తరగతి. బర్రెల గురించి, దయ్యాల గురించి తగాదాలు రోజూ వింటాను. టీచర్లంతా వంతులేసుకుని వచ్చి, పిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నారట. వాళ్ళందరినీ తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది. నాకు నాలుగు కాళ్ళున్నాయి గానీ, ఒక్కటీ మడతపడదు.