వీపు మెయిర్లు

ఆ ఇద్దరు జేమ్స్ మెయిర్లలో తన ముత్తాత ఎవరో తేలాలి కదా, అనుకుంటూ ఎల్స్పెత్ మరో చేపను వెన్నుముల్లు దాకా చీల్చింది. ఇద్దరూ ఒకే ఏడు పుట్టిన జాలరులు. ఒకడు తుఫానులో పడవతో సహా మునిగాడు. ఇంకొకడు ముసలివాడై మంచంలో పోయాడు. స్కాట్లండ్ ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఇంటిపేర్లు మూడే. అందుకే ప్రతి ఇంటికీ ఒక మారుపేరు. తమ ఇంటిది మాత్రం అమ్మ నోరు దాటి రాలేదు.

మునిగినవాడే తనవాడని ఆమె నమ్మకం. ఏళ్ళుగా ఆదివారాలు అతని సమాధిరాయి దగ్గర పూలు పెడుతోంది. చన్నీళ్ళలో వేళ్ళు కొయ్యబారినా గొణగని తన ఓర్పుకు ఎక్కడో ఒక మూలం ఉండాలి.

"చచ్చినోళ్ళని వెతికేదానికంటే బతికున్నోణ్ణి ఒకణ్ణి వెతుక్కోవే!" పక్క బల్ల దగ్గర చేపలు కోస్తున్న మైసీ నవ్వింది.

సాయంత్రం పొగబెట్టిన చేప, పాలు కలిపి కాచిన సూపు పెద్దమ్మ జెస్సీకి పట్టుకెళ్ళింది. ముసలామె మంచం దిగి చాలా రోజులైంది.

"ఆ రాయికి పూలెందుకే? వాడు మనవాడు కాడు."

ఎల్స్పెత్ చెంచాను గిన్నెలో పెట్టేసింది. "మరి?"

"మనం వీపు మెయిర్లం."

ఆ రోజుల్లో బూట్లు తడవకుండా మగవాళ్ళను పెళ్ళాలే వీపున మోసి పడవ ఎక్కించేవారు. ఆ తుఫాను రోజు తెల్లవారుజామున రెండో జేమ్స్ పెళ్ళాం మార్గరెట్ ఆకాశం చూసింది. నడుములోతు నీళ్ళలో నిలబడి కూడా మొగుణ్ణి పడవలోకి దించలేదు. వెనక్కి తిరిగి ఇంటికి మోసుకొచ్చింది. పడవల్లో వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఆ తర్వాత జేమ్స్‌ను ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు.

"ఆవిడ వీపు మీంచి దూకొచ్చు కదా పెద్దమ్మా? పిరికివాడా?"

"ఏమోనే. అప్పటికింకా మా నాన్న ఆవిడ కడుపున పడలేదు. ఆయన దూకుంటే నువ్వెక్కడుండేదానివి, నన్నడగడానికి? ముందు ఉప్పు తే, చప్పగా ఏడిసింది."

ఉప్పు తెచ్చేసరికి జెస్సీ మొహం గోడవైపు తిరిగి ఉంది. ఊపిరి లేదు.

సమాధి చేసిన మర్నాడు జెస్సీ ఇల్లు సర్దుతుంటే మంచం కింద, పేరు చెక్కిన ముత్తాత తోలు బూట్లు దొరికాయి. ఎల్స్పెత్ వాటిని ఒళ్ళో పెట్టుకుంది. ఆ పొద్దున ఆయన చేతులు మార్గరెట్ మెడను గట్టిగా పట్టుకున్నాయా, వదులుగానా?

రెండు బూట్లనూ తాడుతో కట్టి వీపున వేసుకుంది. తన ఇంటికి పోయే ఒడ్డుదారిని సముద్రపు పోటు ముంచేసింది.

"ఓసేయ్, పైన రోడ్డుందిగా!" గట్టు మీంచి మైసీ అరిచింది.

ఎల్స్పెత్ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి. బూట్లు తడవలేదు.